మహేంద్రగిరి రాత్రి: ధ్రువుడు, పాలపుంత, ఉద్దానం దీపాలు

మహేంద్రగిరిని శ్రీకాకుళం వైపు నుంచి ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ ఫోటోలు తీసి పెద్ద ప్రింట్లుగా వెయ్యాలన్నది నా పని. చలికాలం వంతు పూర్తయింది. తెల్లవారుజామున గొల్లకావిడి (ఒరాయన్ నడుములోని మూడు చుక్కలు) పడమటి కొండల్లోకి దిగే ఫ్రేములు, చెరువుల మీద మంచు పరుచుకున్న ఉదయాలు ప్రింటుకు సిద్ధంగా ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో తియ్యాల్సినవి రెండు. శిఖరం పైన ధ్రువుడి చుట్టూ చుక్కలు గీసే వలయాలు ఒకటి. కొండ భుజం మీద నిలబడి సముద్రం వైపు తిరిగితే ఉద్దానం మీద వంగి కనబడే పాలపుంత రెండోది. ఫాల్గుణ బహుళ త్రయోదశి నాడు, ఉగాది ఇంకా గుమ్మంలోకి రాకముందే, ఈ రెండింటికీ కూర్చున్నాను. ఆ పగలూ రాత్రీ పని ఎలా సాగిందో రాసి పెట్టుకుంటున్నాను.

ఈ ప్రాజెక్టుకు కట్టుబాటు ఒక్కటే. కొండ, ఆకాశం ఒకే చోటి నుంచి, ఒకే రాత్రి రావాలి. ఎక్కడో తీసిన పాలపుంతను తెచ్చి మరో కొండ వెనక అతికించడం ఇప్పుడు చాలా తేలిక. అలా అతికించిన మహేంద్రగిరి బొమ్మలు నేను చూశాను. అందులో పాలపుంత నడిబొడ్డు, అంటే ధనుస్సు రాశి దగ్గర బాగా ప్రకాశించే భాగం, శిఖరం నెత్తిన ఉంటుంది. మందస వైపు నుంచి చూసే మనిషికి ఆ దృశ్యం ఏ రాత్రీ కనబడదు. నడిబొడ్డు మన అక్షాంశంలో ఆగ్నేయాన లేచి, దక్షిణాన గరిష్ఠంగా 42 డిగ్రీల ఎత్తుకు వెళ్లి, నైరుతిలో దిగిపోతుంది. కొండ మనకు ఉత్తరాన ఉంది. ఉత్తరాన ఉన్న కొండకు ఉత్తరపు ఆకాశమే సొంతం. అది ధ్రువుడిది, సప్తర్షులది. దాన్ని తీసేసి మరొకటి పెడితే ఆ కొండ ఇంకెక్కడిదో అయిపోతుంది. ఇక్కడ పుట్టి, ఆ కొండ నీడ చూస్తూ పెరిగినవాళ్లకు అది నచ్చదు. నాకైతే అసలే నచ్చదు.

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి పైనే ఉన్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల నుంచీ జనం ఎక్కుతారు. పరశురాముడు తపస్సు చేసిన కొండ ఇదేనని ఇక్కడ చిన్నపిల్లలూ చెబుతారు. మన వైపు పాదం దగ్గర మందస, పలాస మండలాల జీడితోటలు, వాటికి తూర్పున ఉద్దానం కొబ్బరి, ఆ తర్వాత బంగాళాఖాతం. శిఖరం నుంచి తీరానికి గాలిలో కొలిస్తే పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పదిహేను వందల మీటర్ల కొండ, సముద్రం ఇంత దగ్గరగా ఒకే చూపులో ఇమిడే చోటు మన తీరంలో అరుదు. ఈ పని ఇక్కడే చెయ్యాలనుకోవడానికి అసలు కారణం అది.

చోటు ఎంచడానికే ఎక్కువ కాలం పట్టింది. వలయాల చిత్రానికి ధ్రువనక్షత్రం శిఖరం నెత్తిన నిటారుగా రావాలి. మందస ఊరి నుంచి చూస్తే శిఖరం వాయవ్యంగా ఉంటుంది, ధ్రువుడు కుడిపక్కకు జరిగిపోతాడు. కాబట్టి శిఖరానికి సరిగ్గా దక్షిణం వచ్చేదాకా కొండ అంచు వెంబడే పడమరకు జరుగుతూ పోవాలి. అలా దొరికింది ఒక గుట్ట భుజం. శిఖరం అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లు. కిందినుంచి కొలిస్తే శిఖరం ఎనిమిది డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. ధ్రువుడి ఎత్తు ఏ ఊళ్లోనైనా ఆ ఊరి అక్షాంశమే, ఇక్కడ దాదాపు 19 డిగ్రీలు. అంటే శిఖరానికీ ధ్రువుడికీ మధ్య పది డిగ్రీల ఖాళీ. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే అంతే వస్తుంది.

అదే గుట్ట మీద వెనక్కి తిరిగితే రెండో చిత్రం ఉంది. ఇక్కడ లెక్క దీపాలది. ఆ చోటు నుంచి మందస దీపాలు తూర్పుకు కాస్త దక్షిణంగా, దిక్సూచి మీద 110 డిగ్రీల దగ్గర పడతాయి. పలాస, కాశీబుగ్గ వెలుగు దాదాపు దక్షిణాన, 165 దగ్గర. మధ్యలో యాభై డిగ్రీల పైన ఒక చీకటి సందు. పాలపుంత నడిబొడ్డు ఈ రోజుల్లో రాత్రి పన్నెండున్నరకు లేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి 27 డిగ్రీల ఎత్తులో, దిక్సూచి మీద 138 దగ్గర, ఆ సందుకు నట్టనడుమకు వస్తుంది. నాలుగున్నరకు ఇంకా పైకి వెళ్తుంది కానీ అప్పటికి జరిగి పలాస వెలుగు మీద నిలబడుతుంది. ఎత్తు కావాలా చీకటి కావాలా అంటే నేను చీకటినే ఎంచుకున్నాను. మూడు గంటలు. అటూ ఇటూ ఇరవై నిమిషాలు.

ఇలాంటి లెక్క మన జిల్లాకు కొత్త కాదు. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దుటి కిరణం గాలిగోపురం దాటి వచ్చి స్వామి పాదాలను తాకుతుంది. విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) కాస్త ముందు, మరో విషువత్తుకు కాస్త తర్వాత సూర్యుడు క్షితిజం మీద దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు కాబట్టి ఏడాదికి రెండుసార్లు. ఆ గుడి కట్టినవాళ్లు ముందు దిక్కును పట్టుకున్నారు, తర్వాత రాయి పేర్చారు. ఫోటోకి కూడా వరస అదే కావాలని నా నమ్మకం.

తిథి ఎంపికకు యాప్ కన్నా పంచాంగమే ముందు చూస్తాను. చంద్రుడు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. బహుళ ఏకాదశికి మూడు దాటగానే వచ్చి పాలపుంతను చెరిపేస్తాడు. త్రయోదశి రాత్రైతే ఐదు కావస్తుండగా సన్నటి రేఖగా వస్తాడు. అప్పటికి ఎలాగూ తెల్లవారడం మొదలవుతుంది. ఆ రేఖ కూడా ఒక ఫ్రేముకు పనికొస్తుంది. అమావాస్య నాడే వెళ్లాలని లేదు.

పగటి పని

మధ్యాహ్నం రెండింటికి గుట్ట కింది ఊరు చేరాం. మండలానికి చెందిన పోలీసు స్టేషనులోనూ, అడవి శాఖ బీటు సిబ్బందికీ ముందే చెప్పి ఉంచాను. సరిహద్దు కొండల్లో రాత్రిపూట ట్రైపాడ్‌లతో తిరిగేటప్పుడు ఇది తప్పనిసరి. ఊళ్లో ఒక జీడిరైతు పెద్దాయన మాకు తోడు వస్తానన్నాడు. ఆయన లేకుండా రాత్రి అక్కడ కూర్చునేవాణ్ణి కాదు. ఉద్దానంలో ఎలుగుబంట్ల బెడద అందరికీ తెలిసిందే. జీడిపళ్లు, పనసపళ్లు పండే కాలంలో అవి తోటల్లోకి దిగుతాయి. చీకటి పడే వేళ, తెల్లవారే వేళ వాటికీ మనకూ దారి ఒకటే అవుతుంది.

"ఏటి బావూ, రేతిరంతా ఇక్కడే ఉంటారేటి?" అన్నాడు సామాను చూసి.

"ఉంటాం తాతా. తెల్లారేక దిగుతాం."

"అలగైతే మాటాడుకుంటా ఉండండి. పాట ఎట్టుకున్నా పర్లేదు. మనిసి ఉన్నాడని తెలిస్తే దాని దారిన అది పోద్ది. సప్పుడు సెయ్యకుండా మూల కూసుంటేనే పెమాదం."

ఈ మాట రాత్రి ఫోటోలు తీసే ప్రతివాళ్లూ వినాలి. నిశ్శబ్దంగా, దీపం లేకుండా, ఒంటరిగా చీకట్లో కలిసిపోవడం మన పని తీరు. ఈ కొండల్లో అది పనికిరాదు. ఫోనులో చిన్న గొంతుతో రేడియో పాటలు తెల్లారేదాకా నడిచాయి.

పగటి వెలుతురు మార్చిలో గట్టిగా ఉంటుంది. మూడింటి దాకా కెమెరా తియ్యలేదు. ఆ తర్వాత 70-200 లెన్స్‌తో కొండల వరసలు తీశాను. ఒక వరస వెనక మరొక వరస, దూరం పోయేకొద్దీ నీలం పలచబడుతుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తేమను లోపలికి తోస్తుంది కాబట్టి ఈ పొరలు విడివిడిగా కనబడేది సాయంత్రమే. వైడ్ లెన్స్‌తో ఇది రాదు, కొండలన్నీ చితికి ఒక గీతైపోతాయి. పెద్ద లెన్స్ పెట్టి, పొరలు నాలుగు చాలు అనుకుని, మిగిలింది వదిలెయ్యాలి.

తోటల్లో జీడిపళ్లు ఎర్రగా, పసుపుగా వేలాడుతున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకు వేసింది. దశాబ్దాల వయసున్న జీడిచెట్లు వేళ్లతో సహా పడ్డాయి, కొబ్బరి మొవ్వులు విరిగిపోయాయి. పైనుంచి చూస్తే ఇప్పటికీ తేడా తెలుస్తుంది. ముదురు గొడుగుల్లాంటి పాత చెట్ల మధ్య పొట్టి పొట్టి కొత్త చెట్లు చతురస్రాలుగా ఉంటాయి. సాయంత్రం ఐదున్నరకు పక్క వెలుతురు పడ్డప్పుడు ఒక్కో చెట్టుకూ విడిగా నీడ వచ్చింది. పాత చెట్టు నీడ పొడుగు, కొత్త చెట్టు నీడ పొట్టి. ఆ ఫ్రేమును ఈ ప్రాజెక్టులో పగటి బొమ్మలన్నిటికన్నా ముందు పెడతాను. తుపాను గురించి ఒక్క అక్షరం రాయకుండానే అది చెబుతుంది.

సూర్యుడు ఆరు దాటగానే పడమటి కొండల వెనక్కి దిగాడు. అప్పటికే మొదటి కెమెరా వలయాల చోట పాతుకుని ఉంది. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి రాళ్ల సంచి కట్టి, కాళ్లు నేలలోకి దిగ్గొట్టాను. నీలివేళలో, సూర్యుడు దిగిన అరగంటకు, శిఖరం రూపు ఇంకా తెలుస్తున్నప్పుడు కొండ కోసం ఫ్రేములు తీశాను. ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) 5.6, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పట్టే తీవ్రత) 200, వెలుతురు తగ్గేకొద్దీ షట్టర్ తెరిచి ఉంచే సేపు పెంచుతూ. ఆ తర్వాత ట్రైపాడ్‌ను ముట్టుకోలేదు. ఈ నీలివేళ కొండ, రాత్రి వలయాలు ఒకే ఫ్రేములో కలుస్తాయి. ఒకే చోటు, ఒకే రాత్రి కాబట్టి నా కట్టుబాటుకు ఇది లోపలే ఉంది.

ధ్రువుడి వలయాలు

ఏడుంబావుకు ఆకాశం పూర్తిగా చీకటి పడింది. పడమటి వైపు రెండో కెమెరాతో ఒక పరీక్ష ఫ్రేము తీస్తే, కొండ అంచు నుంచి పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) వైపు వాలిన ఒక పలచని వెలుగు శంకువు వచ్చింది. రాశిచక్ర కాంతి. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న ధూళి మీద సూర్యకాంతి పడి చెదిరితే వచ్చే వెలుగు అది. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో ఆ తలం పడమటి క్షితిజం మీద నిటారుగా నిలబడుతుంది కాబట్టి ఈ రోజుల్లోనే బాగా దొరుకుతుంది. పట్నం పక్కన దీన్ని ఊరి వెలుగనుకుని వదిలేస్తాం. పడమట అడవి తప్ప ఊరు లేని చోట కనబడినప్పుడు అనుమానానికి తావు లేదు. చాలాసేపు చూశాను, ఇరవై సెకన్ల ఫ్రేములు వరసగా తీశాను. ప్రణాళికలో లేని ఈ చిత్రం ప్రాజెక్టులోకి వస్తుంది.

ఎనిమిదికి వలయాలు మొదలు. 24 మిల్లీమీటర్ల లెన్స్ నిలువుగా, ఎపర్చర్ 2.8, ఐఎస్‌ఓ 800, ఒక్కో ఫ్రేము 30 సెకన్లు, మధ్య ఖాళీ ఒక సెకను. ఇక్కడ రెండు సంగతులు ఎవరైనా పాటించాలి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేము తర్వాత మూత వేసినట్టు అంతే సేపు మరో ఫ్రేము తీసుకుంటుంది, వలయాలు చుక్కలు చుక్కలుగా తెగిపోతాయి. లెన్స్ ఫోకస్‌ను ఒక ప్రకాశమైన నక్షత్రం మీద లైవ్ వ్యూ పెద్దది చేసి సూదిమొనంత అయ్యేదాకా సరిచేసి, రింగు మీద టేపు వెయ్యాలి. అనంతం గుర్తును నమ్మకూడదు.

ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. రెండు గంటలకు ప్రతి చుక్కా 30 డిగ్రీల చాపం గీస్తుంది. ఈ అక్షాంశానికి ఒక ప్రత్యేకత ఉంది. ధ్రువుడికి 19 డిగ్రీల లోపు ఉన్న చుక్కలే మనకు అస్తమించవు. సప్తర్షులు కూడా మన ఊళ్లో అస్తమిస్తారు. ఉత్తరాది దేశాల వాళ్ల బొమ్మల్లో తలమీద కనబడే ఆ పెద్ద గుండ్రాలు మనకు రావు. మనకు ధ్రువుడు కిందే ఉంటాడు, వలయాలు కొండలోంచి పుట్టి కొండలోకి పోతాయి. ఇంకో విషయం, ధ్రువనక్షత్రం కూడా కదులుతుంది. అసలు ధ్రువానికి అది డిగ్రీలో మూడింట రెండు వంతుల దూరంలో ఉంది కాబట్టి రెండు గంటల ఫ్రేములో చిన్న గీటుగా పడుతుంది. పెద్ద ప్రింటులో ఆ గీటు కనబడాలని నా కోరిక.

తొమ్మిది దాటాక శిఖరానికి ఎడమ పక్క వాలు మీద ఎర్రటి గీత ఒకటి పుట్టింది. ముందు ఒక చుక్క, తర్వాత కొండకు అడ్డంగా పాకే మంట.

"పోడుకి ఎట్టినారు," అన్నాడు తాత. "రెండు దినాలుంటాది. ఆనలు పడ్డాక చోళ్లు, సామలు, కందులు ఏసుకుంటారు."

పోడు మంట అంటే ఫ్రేము పాడైందనుకునేవాళ్లు ఉంటారు. అది ఉన్న దిక్కున పొగ లేచి కింది చుక్కలు మసకబారి, రాగి రంగుకు తిరిగాయి. నేను ఆపలేదు. మార్చిలో ఈ కొండల రాత్రి అంటే అదే. చలికాలంలో పొద నరికి ఎండబెట్టి, ఎండాకాలం కాల్చి, వానలకు విత్తే మనుషులు ఆ వాలు మీద ఉన్నారు. అడవి తగ్గడం గురించిన వాదన పెద్దది, దాన్ని ఇక్కడ మొదలుపెట్టను. చిత్రంలోంచి ఆ గీతను తుడిచెయ్యడం మాత్రం నా చేతులతో జరగదు.

పదికి కొంచెం ముందు తాత పడమరకు చూసి, "పిల్లలకోడి కొండెనకాతలికి ఎల్లిపోనాది. పది అయిపోతంది" అన్నాడు. కెమెరా గడియారం 9:52 చూపిస్తోంది. ఆయన చేతికి వాచీ లేదు. ఉగాది రోజుల్లో పిల్లలకోడి ఎప్పుడు దిగుతుందో, సంక్రాంతికి ఎప్పుడో, ఆషాఢంలో తెల్లవారుజామున ఎప్పుడు లేస్తుందో అడిగితే వరసగా చెప్పాడు. ఆ పడమటి కొండ అంచు ఎత్తు ఆయన లెక్కలో కలిసే ఉంది. మరో ఊళ్లో ఆ లెక్క వేరవుతుంది. నేను స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేరులో కొండ రూపు ఎక్కించుకుని సాధించిన దాన్ని ఆయన చూస్తూ చూస్తూ సాధించాడు. ఈ ప్రాజెక్టుతో పాటు ఆయన చెప్పినవి కూడా రాసి పెట్టుకోవాలి. వచ్చే నెల ఆడియో రికార్డర్ తీసుకెళ్తాను.

పది దాటాక వలయాల కెమెరా ఆపి, మూత పెట్టి ఓ పదిహేను డార్క్ ఫ్రేములు తీసుకున్నాను. సెన్సర్‌లోని వేడి చుక్కలను తర్వాత తీసెయ్యడానికి అవి కావాలి. అంబలి తాగి, ఇద్దరం వంతులేసుకుని పడుకున్నాం.

పాలపుంత వంతెన

పన్నెండున్నరకు లేచేసరికి దక్షిణాన త్రిశంకు (సిలువ ఆకారంలో ఉండే చుక్కలు) నిలువుగా నిలబడి ఉంది, క్షితిజానికి 11 డిగ్రీల పైన. పలాస వెలుగుకు కొంచెం పక్కగా. 50 లెన్స్‌తో తీశాను. ఒకే గుట్ట మీద ముందుకు చూస్తే ధ్రువుడు, వెనక్కి తిరిగితే త్రిశంకు. ఈ అక్షాంశంలో పుట్టినందుకు దొరికే సంపద ఇది. ఐరోపా వాళ్లు త్రిశంకును చూడాలంటే విమానం ఎక్కాలి.

ఒంటిగంట తర్వాత గాలి మారింది. నేల చల్లబడ్డాక గాలి కొండ నుంచి సముద్రం వైపు జారుతుంది. సాయంత్రం లోపలికి వచ్చిన తేమా పొగా మెల్లగా తీరం వైపు జరిగాయి. క్షితిజం దగ్గర అంతకుముందు కనబడని చుక్కలు కనబడ్డాయి. ఈ తీరంలో పాలపుంతకు తెల్లవారుజామే మంచిదనడానికి చీకటితో పాటు ఈ గాలి కూడా కారణం. అయితే అదే సమయంలో లెన్స్ మీద తేమ పడుతుంది. అద్దం చుట్టూ వేడి పట్టీ చుట్టి, పవర్ బ్యాంకుకు కలిపి ఉంచాను. ఇక్కడ చలి ఎక్కువ ఉండదు కదా, పట్టీ ఎందుకు అనుకోవద్దు. తేమ ఉన్న గాలిలో అద్దం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, ఆవిరి పట్టేస్తుంది.

పనోరమా లెక్క ఇదీ. మూడింటి ప్రాంతంలో పాలపుంత ఈశాన్యం నుంచి నైరుతి దాకా వంతెనలా వంగుతుంది. దాని నడుము తూర్పు ఆగ్నేయంలో, 30 డిగ్రీల ఎత్తు దాటి. రెండున్నరకు అది ఇంకా కిందే ఉంటుంది, నాలుగుకు 40 దాకా పోతుంది. 20 మిల్లీమీటర్ల లెన్స్‌ను నిలువుగా పెడితే అడ్డంగా 62 డిగ్రీలు పడుతుంది. సగం సగం కలిసేలా 30 డిగ్రీలకొకసారి తిప్పితే ఏడు చోట్లకు అర్ధవలయం వస్తుంది. ఎపర్చర్ 2, ఐఎస్‌ఓ 3200, 13 సెకన్లు. 500ను లెన్స్ పొడవుతో భాగించే పాత సూత్రం ప్రకారం 25 సెకన్లు ఇవ్వొచ్చు. పెద్ద ప్రింటులో ఆ 25 సెకన్ల చుక్కలు గుడ్డులా సాగి కనబడతాయి. అందుకే దాదాపు సగానికి తగ్గించాను.

ఒక్కో చోట ఆరు ఫ్రేములు. ఇది ఆలోచించి పెట్టిన సంఖ్య. ఫ్రేములు పేర్చేకొద్దీ నాయిస్ (చీకటి బొమ్మలో వచ్చే గరుకు చుక్కలు) వాటి సంఖ్య వర్గమూలం వంతున తగ్గుతుంది. పదహారు తీస్తే నాలుగో వంతుకు దిగుతుంది, ఆరు తీస్తే రెండున్నర రెట్లే మేలు. పదహారు తీస్తే ఏడు చోట్లకు అరగంట దగ్గర పడుతుంది, ఈలోగా ఆకాశం ఆరేడు డిగ్రీలు జరిగిపోతుంది, మొదటి ముక్కా చివరి ముక్కా కలవవు. ఆరుతో పది నిమిషాల్లో అయిపోతుంది, జరుగుడు రెండున్నర డిగ్రీలు. వంతెన అతుకులు లేకుండా రావాలంటే వేగమే ముఖ్యమని నా అనుభవం. నక్షత్రాలను వెంబడించే ట్రాకర్ వాడొచ్చు, కానీ అప్పుడు నేలను విడిగా తీసి కలపాలి. ఈ చిత్రానికి నేల, ఆకాశం ఒకే క్లిక్కులో కావాలి.

2:50కి మొదలుపెట్టి 3:00కి ఒక వరస, వెంటనే మరో వరస. రెండో వరస నడుస్తుండగా పలాస వైపు నుంచి మందస రోడ్డు స్టేషను మీదుగా రైలు వెళ్లింది. హౌరా మద్రాసు లైను ఈ కొండకూ సముద్రానికీ మధ్యలోంచి పోతుంది. 13 సెకన్ల ఫ్రేములో అది పసుపు దారంలా పడింది. పక్కన జాతీయ రహదారి, దాని వెనక కొబ్బరితోటల చీకటి, ఆ చీకటి అవతల సముద్రం మీద వేటకు పోయిన బోట్ల దీపాలు. ఈశాన్యంలో, వంతెన ఎడమ కాలు దిగే చోట, బరంపురం వెలుగు లేత నారింజ గుమ్మటంలా ఉంది. నడిబొడ్డు మాత్రం సందులోనే నిలబడింది, ఎడమన మందస, కుడిన పలాస. కంటికి కూడా ధనుస్సు దగ్గరి నల్లటి చీలిక తెలుస్తోంది. నెలల తరబడి కాగితం మీద గీసుకున్నది ఎదురుగా వచ్చి అక్కడే నిలబడితే కలిగే ఆనందాన్ని దాచుకోలేకపోయాను. తాతను లేపి చూపించాను. "పాలపుంతే కదా బావూ" అని, మళ్లీ అటే చూస్తూ కూర్చున్నాడు, పడుకోలేదు.

నేల కోసం విడిగా నాలుగు నిమిషాల ఫ్రేములు, ఐఎస్‌ఓ 1600తో, ప్రతి చోటా ఒక్కొక్కటి తీశాను. నీడల్లో వివరం కావలసి వస్తే వాటి నుంచి తీసుకుంటాను. చుక్కల వెలుగులో జీడితోటల గొడుగులు విడివిడిగా తెలుస్తున్నాయి.

నాలుగుమ్ముప్పావుకు తూర్పున ఆకాశం పలచబడింది. ఐదుకు నెలరేఖ సముద్రం మీంచి వచ్చింది, చీకటి భాగం కూడా బూడిదరంగులో కనబడుతూ. భూమి మీద పడి వెనక్కి వెళ్లిన వెలుగు అది. 200తో రెండు ఫ్రేములు. ఆరుకు సూర్యుడు సరిగ్గా తూర్పున. విషువత్తు రోజులు కదా. దిగేటప్పుడు తోట దాటాక ఆడవాళ్లు ఇప్పచెట్ల కింద రాలిన పూలు బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. గాలి అంతా తీపి వాసన. ఫోటోకి అడిగితే చేతులే తియ్యమన్నారు. చేతులూ, పూలూ తీశాను.

ఇంటికొచ్చాక

వలయాల ఫ్రేములను స్టార్‌స్టాక్స్ సాఫ్ట్‌వేరులో కలిపాను. పోడు మంట గీత కొండ వాలు మీద ఎర్రగా నిలిచింది, దాని పైన పొగలోంచి వెళ్లిన చాపాలు రాగిరంగు, మిగిలినవి తెలుపూ నీలమూ. శిఖరం నెత్తిన ధ్రువుడి గీటు ఉంది. నీలివేళ కొండను దీని కింద కలిపేటప్పుడు వెలుతురు బాగా తగ్గించాను. రాత్రి కొండ రాత్రి కొండలాగే ఉండాలి. పట్టపగల్లా వివరాలన్నీ కనబడే కొండ మీద చుక్కలు పెడితే కన్ను ఒప్పుకోదు.

పాలపుంతకు ఒక్కో చోటి ఆరు ఫ్రేములను సీక్వేటర్‌లో పేర్చి, ఏడు ముక్కలను హ్యూగిన్‌లో అతికించాను. మొదటి వరసలో కుడి చివర అతుకు దగ్గర సముద్రపు అంచు కాస్త వంగింది, రెండో వరస శుభ్రంగా ఉంది, రైలు కూడా అందులోనే ఉంది. ప్రింటుకు అదే. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెట్టాను. పలాస వెలుగు పాత ఫోటోల్లో నారింజగా ఉండేది, ఎల్‌ఈడీ వీధిదీపాలు వచ్చాక తెల్లబడింది. నీలం ఎక్కువున్న ఆ తెలుపు గాలిలో ఎక్కువ చెదురుతుంది, గుమ్మటం ఇంకా పైకి ఎగబాకుతుంది. దీన్ని సాఫ్ట్‌వేరుతో తుడిచెయ్యొచ్చు. తుడవలేదు. దీపాలకు పైన మూత పెట్టి వెలుగు నేల మీదికే దించితే కరెంటూ మిగులుతుంది, ఆకాశమూ మిగులుతుంది. ఈ చిత్రం పలాసలో ఎక్కడైనా గోడకెక్కితే ఆ మాట అక్కడివాళ్లతో మాట్లాడాలని ఉంది.

ఇక వైశాఖ అమావాస్య. అప్పటికి నడిబొడ్డు రాత్రి ఎనిమిదిన్నరకే లేస్తుంది, అర్ధరాత్రి దాటాక దక్షిణాన నిలబడుతుంది. అంటే నేరుగా పలాస గుమ్మటం మీదికి వస్తుంది, ఈ గుట్ట పనికిరాదు. పలాస వెలుగుకూ కెమెరాకూ మధ్య అడ్డంగా ఏదో ఒక కొండ ఉండే లోయ కావాలి. కొండకు ఈశాన్యంగా రెండు లోయలు మ్యాపులో గుర్తు పెట్టాను. ఒకదానికి కాలిబాట ఉందని తాత చెప్పాడు. మామిడికాయలు దిగే లోపు పగటిపూట వెళ్లి, దక్షిణపు అంచు ఎత్తు కొలిచి రావాలి. పదిహేను డిగ్రీలు దాటితే ఆ లోయ మానెయ్యాలి, అంతకు లోపైతే అక్కడే.